అమ్మ వదిలి వెళ్లిన 17 పువ్వులు

ప్రశ్న: నా వయసు 64 సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు రాజోలుకు దగ్గరలో ఒక ఊళ్లో ఉంటున్నాను. మా పుట్టిల్లు నర్సాపురం పక్కన పల్లె. మా అమ్మ లేసు అల్లి నన్ను చదివించింది. పగలంతా ఇంటి చాకిరీ, రాత్రి కిరసనాయిలు దీపం ముందు సూది. నన్ను మాత్రం సూది ముట్టనిచ్చేది కాదు. ‘నీకీ కూలి వద్దమ్మా, పుస్తకం తియ్యి’ అనేది. నిరుడు అమ్మ కాలం చేసింది. ఆవిడ పెట్టెలో ఒక పౌడరు డబ్బా, ఆ డబ్బాలో ఒక లేసు సూది, 17 తెల్ల పువ్వులు దొరికాయి. ఒక్కొక్క పువ్వుకు 12 రేకలు. ఆ సూదితోనే ఫోనులో వీడియోలు చూసి అల్లిక నేర్చుకున్నాను. పట్టుకుంటే పొయ్యి మీద పాలు కూడా గుర్తుండవు, అంత సంతోషంగా ఉంటోంది. కాని అమ్మ కళ్లు పోగొట్టిన పని నాకు సరదా కావడం తప్పేమోనని బాధ. మా అబ్బాయి ‘ఇదంతా టైంపాసు, బజారులో రెండొందలకు దొరుకుతుంది’ అంటాడు. కోడలు అమ్మి చూడమంటుంది. అల్లినదానిలో సగం విప్పేస్తున్నాను. సొంతంగా ఒక్కటీ పుట్టించలేకపోయాను. ఇదంతా దేనికోసం? ఆ 17 పువ్వులను ఏమి చేయమంటారు?

సమాధానం:

టీచరు గారికి నమస్కారం. మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. నేను పాలకొల్లులో పెరిగినదాన్ని; మా మేనత్త కూడా మీ అమ్మగారిలాగే వీధి అరుగు మీద గోడకు చేరగిలబడి, వేలికి దారం చుట్టుకొని, మాట్లాడుతూనే పువ్వులు అల్లేది. అందువల్ల మీ ప్రశ్నను పరాయి ప్రశ్నగా చదవడం నాకు సాధ్యం కాలేదు. ఆ మాట ముందుగా చెప్పుకొని జవాబు మొదలుపెడతాను.

అమ్మగారి సంగతి తేలకుండా తక్కినవేవీ తేలవు కాబట్టి ముందు అదే చూద్దాం. నర్సాపురం పరిసరాలకు ఈ క్రోషే అల్లిక, అంటే కొక్కెం సూదితో లేసు అల్లే పని, 19వ శతాబ్దం నడుమ క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో, 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు వల్ల ఐర్లండులో కరవు వచ్చినప్పుడు, అక్కడి పేద ఇళ్ల ఆడవాళ్లకు కూడా ఇదే కొక్కెం సూది కూడు పెట్టింది. రెండు చోట్లా పనిని పంచిన తీరులో ఒక పోలిక ఉంది. ఒకరు పువ్వులు మాత్రమే అల్లుతారు, ఇంకొకరు ఆ పువ్వులను కలిపి గుడ్డగా చేస్తారు, ఆ గుడ్డ అమ్ముడుపోయే చోటును ఆ ఇద్దరూ చూడరు. మన వైపున ఆ కలిపే పనిని అతుకు పని అంటారని మీకు తెలుసు. అమ్మగారు పువ్వుల మనిషో అతుకు మనిషో మీరు రాయలేదు గాని, డబ్బాలో దొరికినవి విడి పువ్వులు కాబట్టి పువ్వుల మనిషే అయి ఉంటారని అనుకుంటున్నాను. అలా అయితే ఆవిడ తన జీవితంలో వేల పువ్వులు అల్లి ఉంటారు. వాటిలో ఒక్కటైనా చివరికి ఏ బల్ల మీద, ఏ మంచం మీద, ఏ రూపంలో పరుచుకున్నదో ఆవిడకు తెలిసే అవకాశం చాలా తక్కువ.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ మన నర్సాపురం లేసు స్త్రీల గురించి పరిశోధించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. అందులో ఆమె ఎత్తిచూపిన విషయం ఒకటి మీ ఇంటి గొడవకు సూటిగా తగులుతుంది. గంటల తరబడి అల్లి, అల్లినది విదేశాలకు ఎగుమతి అవుతున్నా, ఈ స్త్రీలను ఎవరూ పనివాళ్లుగా లెక్కించలేదు. వాళ్లు గృహిణులని, అల్లిక వాళ్లకు తీరిక వేళ కాలక్షేపమని చెప్పుకున్నారు. ఆ మాట చెల్లినంతకాలం కూలి తక్కువ ఇవ్వడం సులువైంది. ఇప్పుడు మీ అబ్బాయి ‘టైంపాసు’ అన్న మాటను దీని పక్కన పెట్టి చూడండి. మీ అమ్మగారి కష్టాన్ని కాలక్షేపమన్నారు, ఇప్పుడు మీ సంతోషాన్ని కూడా కాలక్షేపమంటున్నారు. మీ అబ్బాయిని తప్పుపట్టడానికి నేను ఈ మాట చెప్పడం లేదు. అతను పుట్టేనాటికే ఆ మాట మన ఊళ్లలో గాలిలా ఉంది. అయితే దానికి మీరు నొచ్చుకుంటున్నది మీ ఒక్కరి కోసమే కాదని నాకు తోస్తోంది. ఆ మాట విన్నప్పుడు మీకు మీ అమ్మగారి తరఫున కూడా కోపం వస్తోంది. ఆ సంగతి అతనికి ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. అమ్మమ్మ అల్లిక డబ్బులతో తన తల్లి టీచరైందని అతనికి తెలిసే ఉంటుంది గాని, ఒక డజను పువ్వులు అల్లడానికి ఎంతసేపు పడుతుందో తెలిసి ఉండదు. ఒక పువ్వును గడియారం పెట్టుకొని అతని ఎదుట అల్లండి.

ఇక తప్పు అన్న మాట. మీ ఉత్తరంలో మీరే రాసిన అమ్మగారి మాటను మళ్లీ చదువుకోండి: ‘నీకీ కూలి వద్దమ్మా’ అన్నారు. ఆవిడ వద్దన్నది కూలిని. మీరు ఏజెంటు చెప్పిన తేదీకి, ఏజెంటు ఇచ్చిన నమూనాకు, ఏజెంటు కట్టిన ధరకు అల్లడం లేదు. కూలి అనే దానిలో ఏవేవి ఉండేవో, వాటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు మీ చేతి పనిలో లేదు. ఆవిడ ఆ 17 పువ్వులను ఎందుకు దాచారో మనం ఊహించలేం. పట్టుకెళ్లక మిగిలినవి కావచ్చు, ఇష్టపడి ఉంచుకున్నవి కావచ్చు. దాని మీద నేను కథ అల్లను. కాని సూదిని కూడా వాటితోపాటే ఉంచారన్నది మీరు కళ్లారా చూసిన సంగతి. అసహ్యించుకున్న వస్తువును పౌడరు డబ్బాలో భద్రంగా పెట్టుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు.

మా మేనత్త ఒకసారి ఇచ్చిన నమూనాకు 8 రేకలుంటే తన ఇష్టానికి 10 రేకలతో ఒక పువ్వు అల్లింది. రేకల కొసల్లో చిన్న ముళ్లలాంటివి కూడా వేసింది. లెక్క చూసుకొనేవాడు దాన్ని పక్కకు తోసేశాడు. నమూనాకు తేడాగా ఉన్నది చెల్లదన్నాడు. అందులో అతని తప్పు కూడా లేదు, 500 పువ్వుల్లో ఒకటి పెద్దదైతే అతుకు పని చేసేవాళ్లు గుడ్డను చదునుగా తేలేరు. అత్త ఆ పువ్వును ఇంటికి తెచ్చుకొని దేవుడి పటం చట్రానికి గుచ్చింది. నాకు అల్లిక అంటే ఇష్టం మొదలైంది ఆ పువ్వు దగ్గరే. అక్కడ చెల్లకుండా పోయిన ఆ రెండు రేకల స్వేచ్ఛ ఇప్పుడు మీకు పూర్తిగా ఉంది. దానిని మీరు వాడుకోవడం అమ్మగారికి అపచారం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మీరు సగం విప్పేస్తున్నానని సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడవలసింది అందులో ఏమీ లేదు. ఈ అల్లికలో ఏ క్షణంలోనైనా సూది మీద బతికి ఉండేది సాధారణంగా ఒక్క ఉచ్చే. స్వెటర్లు అల్లే జంట సూదుల పనిలోనైతే వరుసలోని కుట్లన్నీ సూది మీదే వేలాడుతుంటాయి, ఒకటి జారితే కింది వరుసల దాకా జారుతూ పోతుంది. మన కొక్కెం సూదితో తప్పు జరిగిన చోటు దాకా దారం లాగి, ఆ ఒక్క ఉచ్చును మళ్లీ అందుకుంటే చాలు. దారం ముక్క కూడా వృథా కాదు. మీరు ఇన్నేళ్లు నల్లబల్ల మీద తుడిచి మళ్లీ రాసినవారు, తుడవడం కూడా లెక్కలో భాగమేనని పిల్లలకు చెప్పి ఉంటారు. విప్పడంలో మాత్రం ఒక జాగ్రత్త పాటించండి. ఎక్కడ తప్పిందో కనుక్కున్న తరువాతే లాగండి. ఊరికే విసుగుతో మొత్తం విప్పితే అదే తప్పు మళ్లీ అదే చోట వస్తుంది.

సొంతంగా పుట్టించలేకపోతున్నానన్న మీ మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆ విషయంలో మీకున్న పెట్టుబడి మీకు కనిపించడం లేదు. వీడియోలో అమ్మాయి ‘ఈ వరుసలో ఆరు కుట్లు పెంచండి’ అంటుంది, మీరు పెంచుతారు. ఎందుకు ఆరే అని అడిగి చూశారా? పొట్టి కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానంగా ఉంటాయి. గుండ్రంగా అల్లుతూ పోతే ఒక్కొక్క చుట్టుకు వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. వ్యాసార్ధం ఒకటి పెరిగితే చుట్టుకొలత రెండు పైలు (2π), అంటే సుమారు 6.28 పెరగాలి. అందుకే ఆరు కుట్లు పెంచితే అల్లిక బల్ల మీద చదునుగా కూర్చుంటుంది. పొడుగు కుట్టయితే ఎత్తు వెడల్పుకు దాదాపు రెట్టింపు, అందుకే చుట్టుకు 12 పెంచుతారు. ఆరుకు బదులు నాలుగే పెంచితే ఏమవుతుంది? చుట్టుకొలత చాలక అంచులు పైకి లేచి గిన్నె అవుతుంది. పసిపిల్లల టోపీ, పూల సజ్జ, కొబ్బరికాయ పెట్టుకునే సంచి అడుగు అన్నీ ఈ చాలని లెక్కలో నుంచే పుడతాయి. ఎనిమిదో పదో పెంచితే ఏమవుతుంది? అంచులకు చోటు చాలక మడతలు మడతలుగా, కోడిజుట్టు పువ్వులా కుచ్చులు తేలుతుంది.

ఆ కుచ్చుల దగ్గర మీకొక సంగతి చెప్పాలి. ఒక సరళరేఖకు, దాని మీద లేని ఒక బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖ గీయగలమని మీరు ఏళ్ల తరబడి బోధించారు. ఆ నియమం చెల్లని తలం ఒకటుందని, దాని మీద అలాంటి రేఖలు ఎన్నైనా గీయవచ్చని గణితజ్ఞులు 19వ శతాబ్దంలో తేల్చారు. దానిని చేత్తో తాకి చూడడానికి కాగితపు నమూనాలు చేసేవారు, అవి నలిగి చినిగిపోయేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లాత్వియా దేశపు గణితజ్ఞురాలు డైనా తైమిన్యా ఆ తలాన్ని ఇదే కొక్కెం సూదితో అల్లి తరగతి గదికి పట్టుకెళ్లారు. ఆమె పాటించిన నియమం ఒక్కటే: ప్రతి వరుసలోనూ ఇన్ని కుట్లకు ఒకటి చొప్పున, నిష్పత్తి తప్పకుండా పెంచుకుంటూ పోవడం. నిష్పత్తి మారితే కుచ్చు మారుతుంది. మీరు ఐదుకు ఒకటి చొప్పున ఒకటి, పదికి ఒకటి చొప్పున ఒకటి అల్లి పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది మరెవరో ఇచ్చిన నమూనా కాదు, మీకు తెలిసిన నియమం. నియమం తెలిసిన మనిషికి ఇక వీడియోతో పని తగ్గిపోతుంది. చుక్కల లెక్క తెలిసిన మన ఊరి ఆడవాళ్లు పుస్తకం చూడకుండానే ధనుర్మాసమంతా రోజుకొక ముగ్గు వేయగలగడం కూడా ఇటువంటిదే.

ఇప్పుడు మీ 17 పువ్వుల దగ్గరకు వద్దాం. మీ ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ డబ్బాలోనే ఉందని నా నమ్మకం. వాటిని అలాగే డబ్బాలో ఉంచడం తప్పేమీ కాదు. కాని మీరు నన్ను అడిగారు కాబట్టి, కలపమని చెబుతాను. అమ్మగారి చేతికి ఎన్నడూ రాని పూర్తి వస్తువును మీరు చేయండి.

17ను వరుసలుగా పేర్చలేరు, అది ప్రధాన సంఖ్య అని మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగు నాలుగుల పదహారు పెడితే ఒకటి మిగిలిపోతుంది, ఆ ఒక్కదాన్ని విడిచిపెట్టడానికి నాకు మనసు రాలేదు. ఇంకో దారి చూడండి. ఒక పువ్వు చుట్టూ ఆరు పువ్వులు సరిగ్గా అమరుతాయి, ఏడవుతాయి. వాటి చుట్టూ మరో 12 అమరుతాయి, 19 అవుతాయి. షడ్భుజిగా ఒక చిన్న బల్లగుడ్డ వస్తుంది. మీ దగ్గర 17 ఉన్నాయి. తక్కిన రెండూ మీరు అల్లాలి.

12 రేకల పువ్వు ఈ అమరికకు చేసి పెట్టినట్టు ఉంటుంది. పొరుగు పువ్వులు ఆరు దిక్కుల్లో ఉంటాయి కాబట్టి రేకల్లో ఒకటి విడిచి ఒకటి పొరుగు పువ్వు రేకను కలుసుకుంటుంది. నడుమ విడిచిన రేకలు మూడు పువ్వుల మధ్య ఏర్పడే సందులోకి చూస్తుంటాయి. మొత్తం 42 చోట్ల పువ్వులు ఒకదాన్నొకటి తాకుతాయి, 24 సందులు ఏర్పడతాయి, వెలుపలి అంచుకు 72 రేకలు మిగులుతాయి. కాగితం మీద 19 వృత్తాలు గీసి మీరే ఒకసారి సరిచూసుకోండి, నా లెక్క మీద ఆధారపడవద్దు.

పని మొదలుపెట్టే ముందు పువ్వులన్నింటినీ రెండు వైపులా ఫోనులో ఫోటో తీసుకోండి. తరువాత ఒక పువ్వును నల్లగుడ్డ మీద పెట్టి, భూతద్దం పట్టుకొని, గుండుసూది మొనతో కుట్లు లెక్కపెట్టండి: నడిమి వలయంలో ఎన్ని గొలుసు కుట్లు, దాని మీద ఎన్ని పొడుగు కుట్లు, రేకకు ఎన్ని, రేకను ఎక్కడ బిగించారు. నోటుపుస్తకంలో రాసుకోండి. 17నూ లెక్కపెట్టండి. కొన్నింటిలో తేడాలు దొరుకుతాయి. ఒకచోట ఒక గొలుసు తక్కువ, ఒకచోట బిగువు ఎక్కువ. ఆ తేడాలను తేదీ లేని డైరీలాగా చదువుకోవచ్చు. కిరసనాయిలు దీపం ముందు, పనులన్నీ ముగిశాక, కునికిపాట్లు పడుతూ అల్లిన రాత్రి ఏదో ఆ తక్కువైన గొలుసులో ఉండవచ్చు. నాకు మీ మీద అసూయ కలిగేది ఈ చోటే. మా అత్త పువ్వు చట్రంతోపాటు ఎటు పోయిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

పాత నూలు పెళుసుబారి ఉండవచ్చు. దారం కొసను మెల్లగా లాగి చూసి, గట్టిగా ఉందనిపిస్తేనే ఉతకండి. చన్నీళ్లలో మెత్తటి సబ్బు నురుగు కలిపి నానబెట్టి, పిండకుండా, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరనివ్వండి. బ్లీచింగు జోలికి పోవద్దు. దారం కొనేటప్పుడు ఒక పువ్వును వెంట తీసుకెళ్లండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది, 20 నంబరు, 40 నంబరు దారపు కొసలను పువ్వు పక్కన పెట్టి చూస్తే ఏది దగ్గరో తెలుస్తుంది. పాత పువ్వుల రంగు మాత్రం కుదరదు. అవి కాస్త పచ్చబారి ఉంటాయి, మీవి తెల్లగా ఉంటాయి. కుదిర్చే ప్రయత్నం చేయవద్దని నా సలహా. ఏ రెండు ఎవరివో ఆ గుడ్డను చూసినవాళ్లకు తెలియనివ్వండి.

అమ్మగారి పువ్వులను ముట్టుకునే ముందు, మీ దారంతో మూడు పువ్వులు అల్లి, మూడింటినీ ముక్కోణంగా కలిపి చూడండి. పువ్వులు ఆనించి కలిపితే సందు చాలా చిన్నదవుతుంది. పువ్వుకూ పువ్వుకూ నడుమ రెండు మూడు గొలుసుల ఎడం ఇస్తే సందు విచ్చుకుంటుంది. ఇక్కడే మీరు అడిగిన ‘సొంతంగా’ అన్నది మొదలవుతుంది. అమ్మగారి 17 పువ్వుల్లో మీరు మార్చగలిగింది ఏమీ లేదు, మీ రెండు పువ్వులూ వాటికి నకళ్లే. కాని ఆ 24 సందులను దేనితో నింపాలో చెప్పిన నమూనా ఈ లోకంలో లేదు. చిన్న వలయం వేసి మూడు కాళ్లతో మూడు రేకలకు కట్టవచ్చు. ఖాళీగా వదిలిపెట్టవచ్చు. నడిమి ఆరు సందులకు ఒకటి, వెలుపలి వాటికి ఇంకొకటి వేయవచ్చు. నాలుగైదు రకాలు వేసి, విప్పి, మళ్లీ వేయండి. ఆ విప్పడాన్ని మీరు అప్పుడు సిగ్గుగా చెప్పుకోరు. వెలుపలి 72 రేకలకు ఏ అంచు వేయాలో తోచడానికి వారాలు పట్టినా కంగారుపడవద్దు, దీనికి తేదీ పెట్టినవాళ్లు ఎవరూ లేరు.

అమ్మకం గురించి మీ కోడలు చెప్పిన మాటలో చెడ్డ ఉద్దేశం లేదు. మన క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నర్సాపురం పేరును వేరేచోట తయారైన సరుకు వాడుకోకుండా అది కాపాడుతుంది. అల్లినవారి చేతికి ఎంత ముట్టాలో మాత్రం అది చెప్పదు. అసలు క్రోషేను చేతితోనే అల్లాలి. యంత్రం మీద వచ్చే లేసు చూపుకు దాన్ని పోలి ఉంటుందే తప్ప కుట్టు అది కాదు. అందుకే బజారులో రెండొందలకు దొరికే వస్తువు యంత్రం మీద వచ్చిందో, లేక ఎవరో ఒక ఆడమనిషి గంటలు ధారపోసి చాలా తక్కువకు అల్లిందో అయి ఉంటుంది. మీరు అమ్మదలచుకుంటే పట్టిన గంటలు రాసుకొని ధర కట్టండి, ఆ ధర రాకపోతే అమ్మకండి. మీకు పింఛను ఉంది, తక్కువకు ఇచ్చి అల్లిక మీదే బతికేవారి ధరను దించనక్కరలేదు. ఈ ఏడాదికైతే అమ్మకం ఆలోచన పక్కన పెట్టమనే నేను చెబుతాను.

కళ్ల సంగతి మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఆ పౌడరు డబ్బాలోని సూది సన్నని దారానికి తగిన ఉక్కు సూది. అభ్యాసానికి 2 మిల్లీమీటర్ల సూది, దానికి తగిన లావు దారం వేరే కొనుక్కోండి. అమ్మగారి సూదిని ఆ రెండు పువ్వులకూ, సందులకూ ఉంచుకోండి. ఉదయం పూట కిటికీ దగ్గర, వెలుతురు ఎడమ భుజం మీదుగా పడేలా కూర్చోండి. అరగంటకొకసారి లేచి, కాలువ గట్టున కొబ్బరి తోపు ఆ చివర దాకా చూసి రండి. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయండి. చీకటి పడ్డాక అల్లవద్దు. దీపం ముందు అల్లిన అల్లిక మీ ఇంట్లో ఒక తరానికి సరిపోయింది.

అన్నీ కలిపాక పలచటి గంజిలో ముంచి, చాప మీద పాత దుప్పటి వేసి, దాని మీద గుడ్డను పరిచి, రేక రేకకూ తుప్పు పట్టని గుండుసూది గుచ్చి ఆరబెట్టండి. మీ రెండు పువ్వులను ఎక్కడ పెట్టాలన్నది ఆఖరు దాకా తేల్చుకోనక్కరలేదు, కాగితం మీద రోజుకొక తీరుగా పేర్చి చూసుకోండి. నేనైతే ఒకదాన్ని అంచున ఏదో ఒక మూల పెట్టి, రెండోదాన్ని సరిగ్గా నడుమ పెడతాను. అప్పుడు దానికి ఆరు వైపులా అమ్మ పువ్వులే ఉంటాయి.